ప్రాంప్ట్ ఇంజనీరింగ్: పేరూ పనీ

మా శాఖ నెలవారీ సమావేశంలో ఒక కథ మీద జరగాల్సిన చర్చ ఈమధ్య ఒక ఉద్యోగం పేరు మీదికి మళ్ళింది. కథ చదవబోతున్న యువకుణ్ణి సభకు పరిచయం చేస్తూ మా కార్యదర్శి "ఈయన ప్రాంప్ట్ ఇంజనీరు" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన వెంటనే అభ్యంతరం చెప్పారు. ఆయన ముప్పయ్యేళ్ళపాటు కాలువల పనులు చూసి రిటైరైన ఇంజనీరు, మా సంఘానికి పాత మిత్రులు. "యంత్రానికి ఉత్తరం రాసేవాడు ఇంజనీరైతే రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాసేవాడు చీఫ్ ఇంజనీరు కావాలి" అన్నారు. అందరూ నవ్వారు. ఆ యువకుడు మాత్రం నవ్వలేదు. కథ చదివాడు. దాని మీద ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. సభ ముగిసింది.

నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత ఆ నవ్వు నన్ను ఇబ్బంది పెట్టింది. శ్రమ గురించి, శ్రమకు సమాజం ఇచ్చే పేర్ల గురించి, ఆ పేర్ల మాటున దాగే సంబంధాల గురించి ఇన్నేళ్ళుగా రాస్తూ వచ్చిన సంఘం మనది. ఒక కొత్తరకం పనివాడు ఎదురుపడగానే మనం చేసిన మొదటి పని నవ్వడం. అంచేత ఆ యువకుడితో రెండు సాయంత్రాలు కూర్చుని మాట్లాడాను, దొరికినంత చదివాను. పెద్దాయన నిర్ణయంతో నాకు పేచీ లేదు. ఇది ఇంకా ఇంజనీరింగు కాదు. అయితే ఆయన చూపిన కారణం సరైంది కాదు. ఇటు ఆ పేరును సమర్థించేవాళ్ళ వాదాల్లో బలం ఉంది, కాని ఆ బలం వాళ్ళు అనుకున్న గమ్యానికి చేర్చదు.

ముందు ఆ పనేమిటో చెప్పుకోవాలి. ఈనాడు కృత్రిమ మేధ అని పిలుస్తున్న యంత్రాలు అపారమైన రాతను మింగి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి రాసుకుంటూ పోతాయి. వాటి చేత మనకు కావలసిన పని చేయించడానికి మామూలు భాషలోనే ఆదేశం రాసివ్వాలి. ఆ ఆదేశానికి ప్రాంప్ట్ అని పేరు. మన యువకుడు ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. ఆ కాంట్రాక్టరు ఒక అప్పుల కంపెనీకి ఖాతాదారుల ఫిర్యాదులకు జవాబులు రాసే యంత్రాన్ని నడిపిపెడుతున్నాడు. నువ్వెవరివి, ఎలా మాట్లాడాలి, ఏ సంగతి చెప్పకూడదు, కోపంగా ఉన్న మనిషికి ఏ వరసలో సమాధానం చెప్పాలి అంటూ ఆరు పేజీల ఆదేశం అతను రాశాడు. మధ్య మధ్య మచ్చుకు ప్రశ్నలూ జవాబులూ ఇచ్చాడు. ఒక మాట మార్చినప్పుడల్లా రెండువందల పాత ఫిర్యాదుల మీద యంత్రాన్ని నడిపి ఎన్ని తప్పాయో పట్టీ రాసుకుంటాడు. ఇది తేలిక పని కాదు. ఆ ఆరు పేజీలు నేను చదివాను. నామీద ఒట్టు, మన పత్రికలకు వచ్చే సగం వ్యాసాల్లో అంత స్పష్టత ఉండదు.

అసలు ప్రాంప్ట్ అన్న మాట మనకు కొత్తది కాదు. నాటకం ఆడిన ఏ ఊళ్ళోనైనా ప్రాంప్టర్ అంటే తెలియనివాళ్ళు లేరు. పరిషత్తు పోటీలకు వెళ్ళే నాటికలకు 1970లలో నేను కొన్నాళ్ళు ప్రాంప్టింగ్ చెప్పాను. సైడ్ వింగ్ వెనక నిలబడి, ప్రతి చేతిలో పట్టుకుని, నటుడు తడబడిన చోట మొదటి రెండు మాటలు అందించడం ఆ పని. ఎప్పుడు అందించాలి, ఎంత గొంతుతో అందించాలి, ఏ నటుడికి ఏ మాట అందిస్తే మిగతాది దానంతటదే వస్తుంది అన్నదంతా అనుభవం మీద తెలుస్తుంది. మంచి ప్రాంప్టర్ లేక పాడైన నాటికలు చూశాను. కాని ఒక్క విషయం: ప్రాంప్టర్ నటుడికి పాత్ర నేర్పడు. నెలరోజులు రిహార్సల్స్ చేయించినవాడు నేర్పాడు. ప్రాంప్టర్ గుర్తుచేస్తాడు. రిహార్సల్స్ జరక్కపోతే ఎంత గొప్ప ప్రాంప్టర్ అయినా వింగ్ వెనకనుంచి నాటకం నడపలేడు. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను.

పేరును సమర్థించేవాళ్ళ వాదం చూద్దాం. 2020లో ఓపెన్‌ఏఐ కంపెనీ పరిశోధకులు జీపీటీ-3 అనే యంత్రాన్ని గురించి ప్రచురించిన పత్రంలో, యంత్రాన్ని కొత్తగా తయారుచెయ్యనక్కరలేదు, ఆదేశంలోనే నాలుగు ఉదాహరణలు పెడితే అది కొత్త పని పట్టుకుంటుందని చూపించారు. 2022లో టోక్యో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు కలిసి చేసిన పని ఇంకా ఆశ్చర్యకరం. లెక్క ప్రశ్న చివర "మెట్టు మెట్టుగా ఆలోచిద్దాం" అనే అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యం చేర్చినందుకు, ఒక రకం లెక్కల పరీక్షలో సరైన జవాబులు 17.7 శాతం నుంచి 78.7 శాతానికి పెరిగాయి. యంత్రం అదే, లెక్కలు అవే. మారింది ఒక్క వాక్యం. ఇలా కొలవగలిగిన ఫలితాన్ని, మళ్ళీ మళ్ళీ పరీక్షించగలిగిన పద్ధతిని ఇంజనీరింగ్ అనక ఏమంటారని వాళ్ళ ప్రశ్న.

పెద్దాయన దీనికి జవాబు చెప్పారు. ఆ వాక్యం ఎందుకు పనిచేసిందో రాసినవాడికి తెలుసా? తెలియదు. ఎందుకో తెలియకుండా పనిచేసేది మంత్రం కాని శాస్త్రం కాదు. వినడానికి బాగుంది. కాని చరిత్ర దీన్ని ఒప్పుకోదు. న్యూకమెన్ ఆవిరి యంత్రం 1712లో బొగ్గు గనిలో నీళ్ళు తోడటం మొదలుపెట్టింది. వేడి ఏ హద్దుల్లో పనిగా మారుతుందో చెప్పిన కార్నో గ్రంథం 1824లో వచ్చింది. ఆ నూట పన్నెండేళ్ళూ యంత్రాలు చేసినవాళ్ళు ఇంజనీర్లు కారా? ఇంటికి దగ్గరగా వస్తే, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే పద్ధతి కావేరి మీది పాత ఆనకట్ట కట్టినవాళ్ళ దగ్గర నేర్చుకున్నామని తానే ఒప్పుకున్నాడు. చోళుల కాలపు ఆ పనివాళ్ళ దగ్గర నేల ఒత్తిడి సూత్రాలు లేవు. అనుభవం ఉంది. సిద్ధాంతం ఆచరణ వెనక నడవడం మనకు తెలియని సంగతేమీ కాదు. మనమే ఆ మాట అందరికీ చెబుతూ వచ్చాం. అంచేత సిద్ధాంతం లేదన్న కారణంతో ఈ పనిని కొట్టిపారెయ్యలేం.

పునాది ఇసుకలో వేసినా ఇసుక స్వభావం రేపటికి మారదు. తేడా ఇక్కడ మొదలవుతుంది. ఈ యంత్రాల మీద రాసే ఆదేశంలో ఎంత చిన్న విషయం ఎంత పెద్ద తేడా తెస్తుందో 2023లో ఒక పరిశోధన కొలిచింది. అర్థంలో ఏ మార్పూ లేకుండా, విరామ చిహ్నాలూ ఖాళీలూ పెద్దక్షరాల అమరికా మార్చినంత మాత్రాన ఒక యంత్రం ఫలితం 76 శాతం పాయింట్ల దాకా తేడా వచ్చింది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పరిశోధకులు ఒకే పేరుతో అమ్ముడవుతున్న యంత్రాన్ని మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి అవే ప్రశ్నలు అడిగారు. ప్రధాన సంఖ్యలను గుర్తించమన్న పరీక్షలో మార్చిలో 84 శాతం సరిగ్గా చెప్పిన యంత్రం జూన్‌లో 51 శాతమే చెప్పింది. మధ్యలో యజమాని లోపల ఏదో మార్చాడు. ఏం మార్చాడో బయటివాళ్ళకు చెప్పలేదు.

ఇనుము రాత్రికి రాత్రి గుణం మార్చుకుంటే, ఆ మార్చిన సంగతి ఫ్యాక్టరీ యజమాని చెప్పకపోతే, వంతెన కట్టేవాడి పరిస్థితి ఏమిటి? మన యువకుడు ఈ మాటే వేరేరకంగా చెప్పాడు. "పోయిన దసరాకి నా ఆదేశం బాగా పనిచేసింది మాస్టారూ. సంక్రాంతికి పనిచెయ్యలేదు. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు." వింటుంటే నాకు కౌలురైతు గుర్తొచ్చాడు. కౌలురైతుకు నేల తెలుసు. ఏ మడిలో నీళ్ళు నిలుస్తాయో, ఏ గట్టు తెగుతుందో యజమానికంటే బాగా తెలుసు. అయినా ఆ నేల మీద అతనికి హక్కు లేదు, వచ్చే ఏడు అదే మడి దక్కుతుందన్న హామీ లేదు. అతని తెలివి నిజమైంది, నిలకడ మాత్రం అతని చేతుల్లో లేదు. ఈ కొత్త పనివాడి నేర్పు అలాంటిది. ఆ నేర్పును పట్టుకుని ‘నీకేం తెలుసు’ అని నవ్వడం కౌలురైతును చూసి భూస్వామి నవ్వడం లాంటిదే. పేరును సమర్థించేవాళ్ళూ ఈ సంగతిని పక్కనపెట్టి మాట్లాడుతున్నారు.

తెలుగువాడికి ఇందులో ఇంకో మెలిక ఉంది. యంత్రం రాతను టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతుంది, కంపెనీలు ఆ ముక్కల లెక్కన డబ్బు వసూలు చేస్తాయి. కంప్యూటరు నిల్వలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు కావాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం లోపల ఆరు గుర్తులున్నాయి, అంటే పద్దెనిమిది బైట్లు. ఈ కోత పద్ధతుల వల్ల ఒకే విషయానికి కొన్ని భాషల్లో ఇంగ్లీషు కంటే 15 రెట్ల దాకా ఎక్కువ ముక్కలు పడుతున్నాయని 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. తెలుగుకు సరిగ్గా ఎన్ని రెట్లన్నది యంత్రాన్నిబట్టి మారుతుంది. మన యువకుడు తెలుగులో వచ్చే ఫిర్యాదులకు తెలుగులో జవాబు రాయించడానికి ఆదేశమంతా ఇంగ్లీషులో రాస్తాడు. తెలుగులో రాస్తే ఖర్చెక్కువ, తప్పులూ ఎక్కువన్నది అతని అనుభవం. కథలు తెలుగులో రాస్తాడు, కూడు ఇంగ్లీషులో రాసి సంపాదిస్తాడు. దీని మీద వేరే వ్యాసం రాయాలి.

ఇప్పుడు రిహార్సల్స్ సంగతికి వస్తాను. జీపీటీ-3 వచ్చినప్పుడు అది ఆదేశం వినే యంత్రం కాదు. "పిల్లలకు చంద్రుడి గురించి చెప్పు" అంటే చెప్పకుండా, అలాంటి మరో నాలుగు ఆదేశాలు తానే రాసుకుంటూ పోగలదు. ఎందుకంటే దానికి తెలిసింది రాతను కొనసాగించడం. మాట వినడం దానికి నేర్పింది ఎవరు? 2022లో అదే కంపెనీ ప్రచురించిన పత్రంలో జవాబుంది. సుమారు 40 మంది కాంట్రాక్టు పనివాళ్ళను పెట్టుకున్నారు. వాళ్ళు ఆదేశాలు రాశారు, వాటికి మంచి జవాబు ఎలా ఉండాలో స్వయంగా రాసి చూపించారు, యంత్రం ఇచ్చిన జవాబుల్లో ఏది మేలో వరసపెట్టారు. ఆ తీర్పుల మీద యంత్రాన్ని దిద్దారు. అలా దిద్దిన 130 కోట్ల పరామితుల చిన్న యంత్రం జవాబులు, దిద్దని 17,500 కోట్ల పరామితుల పెద్ద యంత్రం జవాబుల కంటే మెరుగని మనుషులు తీర్పు చెప్పారు. నూట ముప్ఫై రెట్ల పెద్ద యంత్రాన్ని ఓడించింది మనుషుల నేర్పు.

మార్క్స్ యంత్రాన్ని గడ్డకట్టిన గత శ్రమగా చూడమన్నాడు. ఆ సూత్రానికి ఇంతకంటే నగ్నమైన ఉదాహరణ ఈ కాలంలో నాకు కనపడలేదు. ఇవాళ ఒకడు "మర్యాదగా, క్లుప్తంగా జవాబియ్యి" అని రాస్తే యంత్రం మర్యాదగా, క్లుప్తంగా జవాబిస్తోందంటే, మర్యాద ఏదో క్లుప్తత ఏదో అంతకుముందు ఎవరో వేలసార్లు రాసి, గుర్తుపెట్టి చూపించారు. ప్రాంప్ట్ రాసేవాడి మాటకున్న శక్తి వాళ్ళ శ్రమ నుంచి వచ్చింది. ఇంకోరకం పనివాళ్ళూ ఉన్నారు. యంత్రం నోట బూతూ హింసా రాకుండా చూడాలంటే ఎవరో ఒకరు ఆ బూతునూ హింసనూ చదివి ‘ఇది అది’ అని గుర్తుపెట్టాలి. ఆ పని కెన్యాలో జరిగింది. 2023 జనవరిలో అమెరికన్ పత్రిక టైమ్ బయటపెట్టిన లెక్క ప్రకారం ఆ పనివాళ్ళ చేతికి వచ్చింది గంటకు రెండు డాలర్ల లోపు. వాళ్ళ పేరున మధ్యవర్తి కంపెనీకి ముట్టింది గంటకు 12.50 డాలర్లు. అదే సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కంపెనీ ప్రాంప్టులు రాసే ఉద్యోగానికి ఏడాదికి 3,35,000 డాలర్ల దాకా జీతమిస్తామని ప్రకటన వేసింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ‘ఇంజనీరు’ అన్న పేరు చేస్తున్న పని కనిపిస్తుంది. రిహార్సల్స్ చేయించినవాడికి ‘లేబుల్ వేసేవాడు’ అని పేరు, అంటే సీసా మీద చీటీ అంటించేవాడు. వింగ్ వెనక చివరి రెండు మాటలు అందించినవాడికి ఇంజనీరని పేరు. ఇద్దరూ చేసింది మాటలతో పనే. కొన్నిచోట్ల ఇద్దరూ రాసింది ఒకేరకం వాక్యాలు. తేడా నేర్పులో లేదు. ఒకడు యజమానికి దూరంగా, చౌకదేశంలో ఉన్నాడు. రెండోవాడు దగ్గరగా ఉన్నాడు. మన యువకుడు ఈ రెండు చివరల మధ్య ఎక్కడో ఉన్నాడు. పేరు శాన్‌ఫ్రాన్సిస్కోది, జీతం కాంట్రాక్టరుది.

పేర్లు పెట్టడం యాదృచ్ఛికం కాదని ఈ రంగం చరిత్రే చెబుతుంది. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ అనే ఊళ్ళో నాటో కూటమి ఏర్పాటు చేసిన సమావేశానికి ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అని పేరు పెట్టారు. అప్పటికి అలాంటి శాస్త్రం స్థిరపడలేదు. రెచ్చగొట్టడానికే ఆ పేరు పెట్టామని నిర్వాహకులే రాశారు. ప్రోగ్రాములు ఆలస్యమవుతున్నాయి, తప్పులతో వస్తున్నాయి, కట్టడం పనికున్న క్రమశిక్షణ దీనికీ రావాలి అన్నది ఆశయం. అంటే పేరు ఒక ఆకాంక్షగా మొదలైంది. తర్వాత అది విజిటింగ్ కార్డు మీది హోదా అయింది. ఆకాంక్ష ఎక్కడ పోయిందో మనకు తెలుసు. డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా జీవితాంతం ఆ పేరును ఎగతాళి చేశాడు. మామూలు భాషలో యంత్రాలకు ఆదేశాలివ్వాలనుకోవడం అవివేకమని 1970లలోనే వాదించాడు. గణిత చిహ్నాలు మనకు భారం కావు, అర్థంలేని మాటలు రాయకుండా కాపాడే కట్టుబాటు అని ఆయన ఉద్దేశం. ఆ వాదంతో పూర్తిగా ఏకీభవించలేను. మామూలు భాషలో కచ్చితంగా రాయడం సాధ్యమేనని సాహిత్యంలో ఉన్నవాళ్ళం మనం నమ్మకపోతే ఎలా?

కొలత కాదు, సిద్ధాంతం కాదు, మరి ఇంజనీరింగుకు గుర్తేమిటి? నా ఉద్దేశంలో అది సంతకం. 1907లో కెనడాలో క్విబెక్ వంతెన కడుతుండగానే కూలి 75 మంది పనివాళ్ళు చనిపోయారు. కమ్మీలు వంగుతున్నాయని కూలడానికి ముందే తెలిసింది. పని ఆగలేదు. ఆపే అధికారం ఎవరిదన్నది ఆ విచారణలో పెద్ద ప్రశ్న అయింది. ఆ దేశంలో ఇంజనీరు పట్టా పుచ్చుకునేవాళ్ళు 1925 నుంచి ఒక ప్రతిజ్ఞ చేసి చిటికెనవేలికి ఇనుప ఉంగరం తొడుక్కుంటారు. ఉంగరం సెంటిమెంటు అనుకుందాం. కాని లైసెన్సు లేనివాడు అక్కడ ఆ పేరు పెట్టుకోవడం చట్టవిరుద్ధం కావడం సెంటిమెంటు కాదు. సాఫ్ట్‌వేరు వాళ్ళు ఆ పేరు వాడుకోవచ్చా అన్న తగాదా 2023లో ఆల్బర్టాలో కోర్టు దాకా వెళ్ళింది. సంతకానికి రెండు ముఖాలున్నాయి. కూలితే జవాబు చెప్పాలన్నది ఒకటి. మనం తరచు మరిచిపోయేది రెండోది: పెట్టను అనే హక్కు.

ఆ హక్కు గురించి నాకు చెప్పింది మరెవరో కాదు, సభలో నవ్వించిన పెద్దాయనే. ఆయనింటికి వెళ్ళి ఈ వ్యాసంలోని వాదం వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన ఆరో ఏట ఒక కాలువ లైనింగు పనిలో కాంట్రాక్టరు సిమెంటు మింగాడు. ఎం.బుక్కులో కొలతలు రాసి సంతకం పెట్టమని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆయన పెట్టలేదు. రెండు నెల్లలో బదిలీ అయ్యారు. "ఆ బుక్కులో నా సంతకం లేకుండా బిల్లు పాసు కాలేదండీ, నా తర్వాత వచ్చినవాడు పెట్టేదాకా. ఆ రెండు నెల్లు నేను ఇంజనీర్ని" అన్నారు. మిగతా ఇరవై తొమ్మిదేళ్ళ సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మన యువకుడి అనుభవం దీనికి సరిగ్గా తలకిందులు. అప్పు తీరిపోయిన ఒక ఖాతాదారుకు ఇంకా బాకీ ఉందని యంత్రం జవాబు రాసింది. ఆమె ఊళ్ళో పరువు పోయిందని గొడవచేసింది. కంపెనీవాళ్ళు కాంట్రాక్టరు మీద పడ్డారు. కాంట్రాక్టరు అన్న మాట: "ప్రాంప్ట్ ఇంజనీర్వి నువ్వే కదా, నువ్వు చూసుకోవద్దా?" నిజానికి తీరిన అప్పుల చిట్టా యంత్రానికి అందడం లేదని, ఆ రకం ప్రశ్నలకు యంత్రం జవాబివ్వకుండా మనిషికి పంపాలని అతను అంతకు మూడు వారాల ముందే నోటిమాటగా చెప్పాడు. మనిషికి పంపితే ఖర్చని వాళ్ళు ఒప్పుకోలేదు. నెల జీతంలో కోత పడింది. ఇంక్రిమెంటు అడిగినప్పుడు మాత్రం "నువ్వు చేసేది ఇంగ్లీషు రాయడమే కదా" అన్నారట. తప్పు మోయాల్సి వచ్చినప్పుడు ఇంజనీరు, కూలి ఇవ్వాల్సి వచ్చినప్పుడు గుమాస్తా. బాధ్యత ఉంది, నిరాకరించే హక్కు లేదు. సంతకంలో ఒక ముఖం మాత్రమే అతనికి ఇచ్చారు.

పెద్ద కంపెనీలు బాధ్యతను ఎంత దూరం విసరగలవో 2024 ఫిబ్రవరిలో కెనడాలో వచ్చిన ఒక తీర్పు చూపిస్తుంది. బంధువు చనిపోయి ప్రయాణం చేసిన ఒకాయనకు ఎయిర్ కెనడా వెబ్‌సైటులోని మాటల యంత్రం టికెట్టు రాయితీ గురించి తప్పు చెప్పింది. అడిగితే ఆ యంత్రం వేరే వ్యక్తిలాంటిదని, అది చెప్పినదానికి అదే బాధ్యురాలని కంపెనీ వాదించింది. బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునలు ఒప్పుకోలేదు, డబ్బు కట్టమంది. అది ఈనాటి రకం యంత్రమా కాదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. యంత్రం మీదికి తోసెయ్యడం కుదరదని తేలాక, తోసెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఇంజనీరని పేరుంటే తోసెయ్యడం సులువవుతుంది. ఈ హోదాను ఉచితంగా పంచిపెట్టడంలో ఉన్న ఔదార్యం నాకు అనుమానంగా ఉండటానికి కారణం ఇదే.

ఇలాంటి పేరు ఒకసారి రచయితలకూ పెట్టారు. మన పత్రికలో ఇది రాయడం అవసరమనుకుంటున్నాను. 1932 అక్టోబరులో మాస్కోలో గోర్కీ ఇంట్లో రచయితలతో మాట్లాడుతూ స్టాలిన్ వాళ్ళను మానవాత్మల ఇంజనీర్లన్నాడు. 1934లో సోవియట్ రచయితల మొదటి మహాసభలో జ్దానోవ్ ఆ మాటను విధానంగా ప్రకటించాడు. యువకుడిగా నేను ఆ మాటను గర్వంగా వాడాను, ఉపన్యాసాల్లో వల్లించాను. రచనను శ్రమగా, నిర్మాణంగా గుర్తించిన మాట అనుకున్నాను. అందులో సత్యం లేకపోలేదు కూడా. కాని ఆ ఇంజనీరుకు ‘ఈ ప్లాను మీద సంతకం పెట్టను’ అనే హక్కు ఉందా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ మహాసభలో మాట్లాడిన ఐజాక్ బాబెల్ తర్వాతి సంవత్సరాల్లో దాదాపు ఏమీ ప్రచురించకుండా ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా నిరాకరణే అయింది. 1940 జనవరిలో అతన్ని కాల్చి చంపారు. పేరు ఇచ్చినవాడే ప్లాను ఇచ్చాడు, పరీక్షాధికారీ అతనే. పెట్టుబడి ఇచ్చిన పేరును అనుమానించే మనం అధికారం ఇచ్చిన పేరును అనుమానించకపోవడం ఏ గతితర్కమో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పెద్దాయన ఎగతాళి చేసిన దస్తావేజు లేఖరి మాట ఇంకా మిగిలి ఉంది. పాత దస్తావేజు ఏదైనా తీసి చివర చూడండి. రాయించుకున్నవాడి సంతకం, సాక్షుల సంతకాలు అయ్యాక అడుగున ‘దస్తూరి’ అని రాసి లేఖరి తన పేరు పెడతాడు. సరిహద్దులు తప్పు రాస్తే ఏ కోర్టులోనైనా అతన్ని పిలిచి అడగవచ్చు. నమ్మకం లేని లావాదేవీ అయితే "నేను రాయనండీ, ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి" అని అతను కలం మూసెయ్యవచ్చు. మాటలతో కట్టే పనిలో ఇంజనీరు లక్షణం ఏదైనా ఉంటే అది ఆ చెట్టు కింద ఉంది. మన యువకుడు రాసిన ఆరు పేజీల అడుగున ఎవరి పేరూ లేదు. యంత్రం రాసిన జవాబు అడుగున కంపెనీ పేరుంది.

కాబట్టి ఈ పనివాళ్ళు పోరాడాల్సింది విజిటింగ్ కార్డు మీద అక్షరాల కోసం అని నేను అనుకోను. ఆదేశాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో రాసి ఉంచే పుస్తకం ఉండాలి. రాసినవాడు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే, దానికి లిఖితపూర్వకంగా జవాబొచ్చేదాకా యంత్రం జనంమీదికి వెళ్ళకూడదు. యంత్రం లోపల మార్పు చేస్తే యజమాని ముందుగా చెప్పాలి. లేబుల్ వేసేవాళ్ళు ఈ డిమాండ్లలో భాగస్వాములు కావాలి. వాళ్ళను వదిలేసి ప్రాంప్టులు రాసేవాళ్ళు మాత్రమే ఒక సంఘం పెట్టుకుంటే అది వృత్తి సంఘం కాదు, హోదా సంఘం. ఇవి సాధించుకున్న రోజున వాళ్ళు తమను ఇంజనీర్లని పిలుచుకుంటే నవ్వేవాళ్ళలో నేనుండను. పెద్దాయన కూడా ఉండరని నా నమ్మకం. మొన్న ఆయన ఆ యువకుణ్ణి ఇంటికి పిలిపించుకుని ఎం.బుక్కు ఎలా రాయాలో చూపించారట.

యువకుడు ఇప్పుడు రెండు రూళ్ళ నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాడు. తేదీ, మార్చిన వాక్యం, ఎవరు మార్చమన్నారు, తన అభ్యంతరం అని నాలుగు గడులు గీసుకున్నాడు. తీరిన అప్పుల చిట్టా సంగతి అందులో మొదటి అభ్యంతరం. దాన్ని కాంట్రాక్టరుకు ఈమెయిల్లో కూడా పంపాడు. ఇది రాసేనాటికి ఐదు వారాలైంది, జవాబు రాలేదు. ఆ రోజు అతను చదివిన కథ మీద చర్చను వచ్చే నెల సమావేశంలో మొదటి అంశంగా పెట్టమని కార్యదర్శికి రాశాను.